చిల్లరలో నున్నటి బిళ్ళ: అచ్చు పడనిదా, అరగదీసిందా, స్విచ్ పెట్టెలోంచి ఊడిందా?

బస్సులో కండక్టరు ఇచ్చిన చిల్లరలోనో, కిరాణా కొట్టు గల్లాలోంచి వచ్చిన రూపాయల్లోనో సింహాలూ లేక, అంకే లేక రెండు వైపులా నున్నగా ఉన్న బిళ్ళ కనిపిస్తే దాన్ని తోమకండి, గీకకండి. ఒక కాగితంలో మడిచి పక్కన పెట్టండి. టంకశాలలో అచ్చు పడకుండానే బయటికొచ్చిన బిళ్ళ అయితే సేకర్తలు కొంటారు. కాకపోతే అలా కనిపించేవాటిలో చాలా వరకు టంకశాల మొహం చూడనివి, లేదా మంచి నాణేన్ని ఎవరో అరగదీసినవి.

మామూలు నాణెం మీద సంవత్సరం ఉంటుంది, చాలావాటికి దాని కింద టంకశాల గుర్తు ఉంటుంది. ఈ బిళ్ళ మీద అవేవీ లేవు. దాని తరఫున సాక్ష్యం చెప్పేవి నాలుగే: బరువు, వ్యాసం, అంచు, లోహం. అందులో పెద్ద సాక్షి బరువు. అది తేలనంత వరకు ధర మాట ఎత్తడం అనవసరం.

అసలు బిళ్ళ రెండు రకాలు

టంకశాలలో లోహపు పట్టీని కావలసిన మందానికి తెచ్చి, ప్రెస్సుతో గుండ్రంగా కొట్టి బిళ్ళలు తీస్తారు. వాటిని వేడిచేసి మెత్తబరచడం, శుభ్రం చేయడం, దొర్లించి నొక్కి అంచును పైకి లేపడం తర్వాతి పనులు. చివరగా రెండు అచ్చుల మధ్య, కాలర్ అనే ఉక్కు వలయంలో కూర్చోబెట్టి ఒక్క దెబ్బతో నాణెం చేస్తారు. ఈ దారిలో ఎక్కడ తప్పిపోయింది అన్నదాన్ని బట్టి బిళ్ళ రకం మారుతుంది.

పట్టీలోంచి కోసిన వెంటనే తప్పిపోయినది మొదటి రకం. ముఖం అంచుదాకా చదునుగా ఉంటుంది. వేలితో చుట్టూ తడిమితే ఒక ముఖం వైపు అంచు కాస్త గుండ్రంగా, రెండో వైపు సన్నటి పదునుతో తగులుతుంది. కోత పెట్టిన పంచ్ ఏ వైపు నుంచి దిగిందో అది చెబుతుంది. భూతద్దంలో పక్క అంచును చూస్తే రెండు పట్టీలు కనిపిస్తాయి: సగం దాకా మెరుస్తూ నున్నగా, మిగతాది తెగినట్టు గరుకుగా.

అంచు లేచిన తర్వాత, అచ్చు కింద పడకుండా జారిపోయినది రెండో రకం. రెండు ముఖాల చుట్టూ సన్నటి గట్టు ఉంటుంది. ఆ గట్టు పైభాగం గుండ్రంగా, మెత్తగా ఉండాలి. అచ్చు పడ్డ నాణెంలో గట్టు పైన చదునుగా, పక్క అంచుతో కలిసేచోట మూల తేరి ఉంటుంది, ఎందుకంటే లోహం కాలర్‌కు గట్టిగా ఒత్తుకుపోతుంది. జేబులోని రూపాయిని పక్కన పెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. కాలర్‌లో ఇమడాలి కాబట్టి ఈ రకం బిళ్ళ పూర్తయిన నాణెం కంటే వ్యాసంలో పిసరంత తక్కువ ఉంటుంది, మొదటి రకం దీనికంటే కొంచెం ఎక్కువ. బరువు మాత్రం రెండింటికీ నాణెం బరువే. అచ్చు దెబ్బ లోహాన్ని జరుపుతుంది, తగ్గించదు.

చిల్లరలోకి వచ్చేవాటిలో రెండో రకమే ఎక్కువ. ప్రెస్సులోకి బిళ్ళలు వెళ్ళే దారిలో తడబాటు వస్తే అచ్చు పడని బిళ్ళ పూర్తయిన నాణేలతో కలిసి సంచిలోకి దూకేస్తుంది. మొదటి రకం అంతదూరం రావాలంటే మధ్యలో మరో రెండు మూడు చోట్ల కూడా తప్పించుకోవాలి.

బరువు తూయడం

వంటింటి త్రాసు పనికిరాదు. గ్రాములో వందో వంతు, అంటే 0.01 గ్రా. చూపే చిన్న డిజిటల్ త్రాసు కావాలి. కొన్ని వందల రూపాయలకే వస్తుంది. కొనడం ఇష్టం లేకపోతే బంగారం షాపులో అడిగితే తూచి చెబుతారు. దానితోపాటు వ్యాసం కొలవడానికి ఒక వెర్నియర్ కాలిపర్స్, ఫ్రిజ్ తలుపుకు అంటించే అయస్కాంతం, పది రెట్లు పెద్దది చేసే భూతద్దం ఉంటే సామగ్రి పూర్తయినట్టే.

త్రాసు సరిగ్గా ఉందో లేదో చూడటానికి, మీ బిళ్ళ ఏ నాణేనిదని అనుమానమో ఆ నాణేలు ఐదు తీసుకుని విడివిడిగా తూచి రాసుకోండి. వాటి మధ్య ఎంత తేడా వస్తుందో అంతవరకే మీ బిళ్ళకూ మినహాయింపు. ఫ్యాను ఆపి, త్రాసును గట్టి బల్ల మీద పెట్టి, మూడుసార్లు తూయండి.

సరిపోల్చాల్సిన అంకెలు ఇవి:

స్టీలు రూపాయి, 1992 నుంచి 2011 దాకా ముద్రించిన పెద్దది: 25 మి.మీ., 4.85 గ్రా.
2011లో వచ్చిన చిన్న రూపాయి: సుమారు 22 మి.మీ., 3.79 గ్రా.
2019 శ్రేణి రూపాయి: 20 మి.మీ., 3.09 గ్రా.
2011 రెండు రూపాయలు: 25 మి.మీ., 4.85 గ్రా.
2019 శ్రేణి రెండు రూపాయలు: 23 మి.మీ., 4.07 గ్రా.
పాత మందపాటి ఐదు రూపాయలు, రాగి-నికెల్: 23 మి.మీ., 9 గ్రా.
పసుపు ఐదు రూపాయలు, నికెల్ ఇత్తడి: 23 మి.మీ., 6 గ్రా.
2019 శ్రేణి ఐదు రూపాయలు: 25 మి.మీ., 6.74 గ్రా.

ఈ జాబితాను జాగ్రత్తగా చూస్తే చాలామంది పట్టించుకోని సంగతి ఒకటి బయటపడుతుంది. పెద్ద రూపాయి, 2011 రెండు రూపాయలు రెండింటికీ అదే వ్యాసం, అదే బరువు, అదే ఫెర్రిటిక్ (అయస్కాంతానికి అతుక్కునే రకం) స్టెయిన్‌లెస్ స్టీలు. అచ్చు పడకముందు ఆ రెండు బిళ్ళలను విడదీసి చెప్పే మార్గం లేదు. అలాగే 1988 నుంచి వచ్చిన స్టీలు యాభై పైసలు కూడా సుమారు 22 మి.మీ., 3.79 గ్రా. కాబట్టి 2011 చిన్న రూపాయి బిళ్ళతో కలిసిపోతుంది. ఎవరైనా 25 మి.మీ. బిళ్ళను చూపించి ‘ఇది ఖచ్చితంగా రెండు రూపాయలదే’ అంటే నమ్మకండి. అమ్మేవారు నిజాయితీపరులైతే ‘రూపాయి లేదా రెండు రూపాయల బిళ్ళ’ అని రాస్తారు. మీరు అమ్మేటప్పుడూ అలాగే రాయండి.

ఇంకో ఆశ కూడా ఇక్కడే వదులుకోవాలి. బిళ్ళ హైదరాబాద్‌లో దొరికింది కాబట్టి చర్లపల్లి టంకశాలదే అనుకోవడం సహజం. ఇక్కడ ముద్రించే నాణేలపై సంవత్సరం కింద ఐదు కోణాల నక్షత్రం ఉంటుంది. ముంబైకి డైమండ్, నోయిడాకు చుక్క, కోల్‌కతాకు ఏ గుర్తూ ఉండదు. ఆ గుర్తు కూడా అచ్చుతోనే పడుతుంది. నాలుగు టంకశాలల నాణేలూ దేశమంతా తిరుగుతాయి. గుర్తు లేని బిళ్ళకు ఊరి పేరు తగిలించి ఎక్కువ అడిగితే, ఆ ఎక్కువకు ఆధారం లేదు.

అసలుదిలా కనిపించేవి

అన్నిటికంటే మోసపుచ్చేది కరెంటు స్విచ్ బోర్డుల ఇనుప పెట్టెలోంచి ఊడే బిళ్ళ. పైపు దూర్చడానికి పెట్టె గోడలో గుండ్రంగా సగం కోసి వదిలేస్తారు. ఎలక్ట్రీషియన్ సుత్తితో కొడితే ఊడి పడుతుంది. మన దగ్గర వాడే పైపులు ఎక్కువగా 20, 25 మి.మీ. కాబట్టి ఆ బిళ్ళలూ దాదాపు అంతే. లెక్క వేస్తే భయపెట్టేంత దగ్గరగా వస్తుంది: 1.2 మి.మీ. మందం రేకులో 25 మి.మీ. బిళ్ళ సుమారు 4.6 గ్రా., 20 మి.మీ. బిళ్ళ సుమారు 2.96 గ్రా. తూగుతాయి. అసలు రూపాయిలు 4.85, 3.09. అయస్కాంతానికి రెండూ అతుక్కుంటాయి. 0.1 గ్రా. వరకే చూపే త్రాసు మీద తూచినవారు ఇక్కడే బోల్తా పడతారు. తేడా చెప్పేవి మూడు: చుట్టూ ఎక్కడో ఒకటి రెండు చోట్ల పెట్టెకు అతుక్కుని ఉన్న ముక్క తెగిన గుర్తు, ముఖం మీద జింకు పూత బూడిద మచ్చలు లేదా పెయింటు, కోసిన అంచులో తుప్పు. నాణెపు స్టీలులో 17 శాతం క్రోమియం ఉంటుంది, దానికి ఎర్ర తుప్పు అంత సులభంగా పట్టదు.

సికింద్రాబాద్ రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే స్టీలు డిస్కులు, తాళపుచెవికి తగిలించే బిళ్ళలు, గుడి దగ్గర చెప్పుల స్టాండులో ఇచ్చే అరిగిన టోకెన్లు కూడా చిల్లరలో కలుస్తాయి. చిల్లు ఉంటే, లేదా చిల్లు పూడ్చిన గుర్తు ఉంటే అక్కడితో వదిలేయండి.

రెండోది అరగదీసిన నాణెం. దీన్ని బరువు ఇట్టే పట్టిస్తుంది. 25 మి.మీ. రూపాయికి రెండు ముఖాల మీద ఒక్కొక్క వైపు 0.1 మి.మీ. చొప్పున గీకినా ముప్పావు గ్రాము పోతుంది, 4.85 ఉండాల్సింది 4.1 దగ్గర ఆగుతుంది. గ్రైండరు పెట్టి ఉంటే ఒకే దిక్కుకు వెళ్ళే సన్నటి గీతలు, లేత్ మీద తిప్పి ఉంటే మధ్య నుంచి వలయాల్లా గీతలు ఉంటాయి. బిళ్ళను దీపం వెలుతురులో ఏటవాలుగా తిప్పుతూ చూడండి, అంకె నీడ ఎక్కడో మిగిలే ఉంటుంది. పక్క అంచు మీద నిలువు గీట్లు ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. ఆ గీట్లు కాలర్‌లో అచ్చు పడేటప్పుడే వస్తాయి. గీట్లు ఉండి ముఖం నున్నగా ఉందంటే అది ఒకప్పుడు పూర్తి నాణెమే. రైలు పట్టాల మీద పెట్టి నలగ్గొట్టినవి బరువు సరిగ్గా చూపుతాయి గాని వ్యాసం పెరిగి, చుట్టుకొలత వంకరపోతుంది.

మూడోది నిజంగానే టంకశాల పొరపాటే, కానీ ఖాళీ బిళ్ళ కాదు. అచ్చు గాడుల్లో గ్రీజు నిండిపోతే బొమ్మ పడదు, లేదా వెలిసినట్టు పడుతుంది. అచ్చులు సరిగ్గా దగ్గరికి రాకపోయినా అంతే. ఇలాంటివాటికి గట్టు పదునుగా ఉండి, ఎక్కడో ఒక అక్షరపు కొస కనిపిస్తుంది. ఒక వైపు మాత్రమే బొమ్మ పడ్డవి, పక్కకు జరిగి సగమే పడ్డవి, వేరే నాణేనికి ఉద్దేశించిన బిళ్ళ మీద పడ్డవి కూడా ఉంటాయి. చేతిలో ఉన్నది ఇందులో ఏదైనా అయితే దాన్ని ఖాళీ బిళ్ళ ధరకు ఇచ్చేయకండి. సంవత్సరం, టంకశాల గుర్తు కనిపించే పొరపాటు నాణెం ఎప్పుడూ ఖాళీ బిళ్ళ కంటే పై మెట్టులో ఉంటుంది, ఎందుకంటే అది ఎక్కడ, ఎప్పుడు పుట్టిందో తానే చెప్పుకుంటుంది.

పసుపు బిళ్ళలు, పది రూపాయలు

నికెల్ ఇత్తడి ఐదు రూపాయల బిళ్ళ అయస్కాంతానికి అతుక్కోదు. మామూలు ఇత్తడి డిస్కుకూ అదే గుణం, కాబట్టి ఇక్కడ నీళ్ళ పరీక్ష పనికొస్తుంది. త్రాసు మీద చిన్న గ్లాసులో నీళ్ళు పెట్టి సున్నా చేయండి. బిళ్ళను సన్నటి దారంతో కట్టి, అడుగుకూ గోడకూ తగలకుండా నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. త్రాసు గ్రాముల్లో చూపే అంకె బిళ్ళ ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. బిళ్ళ బరువును దానితో భాగిస్తే సాంద్రత వస్తుంది. 6.00 గ్రా. బిళ్ళకు 0.70 వస్తే సుమారు 8.6, అది నికెల్ ఇత్తడికి సరిపోతుంది. రాగి-నికెల్ 8.9 దగ్గర ఉంటుంది. బిళ్ళకు గాలి బుడగలు అంటుకుంటే అంకె తప్పుతుంది, అందుకే ముందు నీళ్ళలో ఓసారి ఆడించి తీయాలి. ఈ పరీక్ష స్టీలును, మామూలు ఇనుమును విడదీయలేదు, 7.7కూ 7.85కూ ఉన్న తేడా ఇంత చిన్న బిళ్ళలో త్రాసు పొరపాటులోనే మునిగిపోతుంది. ఇత్తడి రకాల మధ్య తేడా కూడా అంతే సన్నం, కాబట్టి సాంద్రత ఒక్కటే చూసి తేల్చకుండా వ్యాసం, గట్టు, బరువు మూడూ కలిసొస్తేనే ఒప్పుకోండి.

పది రూపాయల విషయంలో ఎక్కువ మంది తికమక పడేది వలయం, మధ్య బిళ్ళ జతగా ఉన్నప్పుడు. ఆ రెండింటినీ గట్టిగా బిగించేది అచ్చు దెబ్బే. అచ్చే పడని జత ఊడకుండా బిగుసుకుని ఉంటే ఎవరో తర్వాత నొక్కి పెట్టారని అనుమానించాలి. మధ్య బిళ్ళ ఊడిన మామూలు పది రూపాయల వలయానికి సేకరణ విలువ లేదు, దాన్ని ఎవరైనా సుత్తితో చేయగలరు.

ఎంత వస్తుంది, ఏ దారి మేలు

లోహం విలువ లెక్కలోకి రాదు. దాదాపు ఐదు గ్రాముల స్టీలు తుక్కు ధర రూపాయి కూడా కాదు. ధరను నిర్ణయించేవి వరుసగా: బరువు ఎంత దగ్గరగా కలిసింది, ఏ నాణేనిదో ఒకే జవాబు వస్తుందా, గీతలు దెబ్బలు లేకుండా ఉందా, రకం ఏది. అందువల్ల 9 గ్రా. రాగి-నికెల్ ఐదు రూపాయల బిళ్ళ 25 మి.మీ. స్టీలు బిళ్ళ కంటే మేలు. దానికి జవాబు ఒకటే. మామూలు స్టీలు బిళ్ళ వందల్లో మాట్లాడుకునే వస్తువు. లక్షలు వస్తాయని చెప్పే వీడియోలు చూసి ఆశ పెంచుకోకండి. రిజర్వు బ్యాంకు పేరు వాడుకుని పాత నాణేలు కొంటామంటూ ముందుగా కమిషన్, పన్ను అడిగేవారి గురించి 2021 ఆగస్టులో ఆ బ్యాంకే ప్రజలను హెచ్చరించింది. ముందు డబ్బు కట్టమన్నవారితో మాట ఆపేయండి.

ధర తెలుసుకోవాలంటే ఇంటర్నెట్‌లో అడుగుతున్న ధర చూడకూడదు, వేలంలో అమ్ముడైన ధర చూడాలి. అడగడానికి ఎంతైనా అడగొచ్చు.

స్థానిక డీలరుకు అమ్మితే డబ్బు అక్కడికక్కడే చేతికొస్తుంది, కానీ ఆయన మళ్ళీ అమ్ముకోవాలి కాబట్టి తగ్గించే అడుగుతాడు. చార్మినార్ దగ్గర, జుమేరాత్ బజార్‌లో నాణేలు పరిచి అమ్మేవారికి పాత నిజాం నాణేలు బాగా తెలుస్తాయి. ఖాళీ బిళ్ళ చూపిస్తే చాలామంది తుక్కు కింద చూస్తారు. నాణేల ప్రదర్శన జరిగినప్పుడు పొరపాటు నాణేలే సేకరించేవారిని వెతికి పట్టుకోవడం మంచిది. వేలం సంస్థకు ఇస్తే కమిషన్ పోతుంది, నెలలు ఆగాలి. ఒక్క స్టీలు బిళ్ళ కోసం అంత తిప్పలు దండగ. ఎన్‌జీసీ, పీసీజీఎస్ వంటి సంస్థలతో ధ్రువీకరణ చేయించి ప్లాస్టిక్ పెట్టెలో వేయించుకోవడం నమ్మకం పెంచే మాట నిజమే, కానీ రుసుము, రానూపోనూ ఖర్చు కలిపితే వేలల్లోకి వెళుతుంది. ఖాళీ బిళ్ళకు అది చేయించకండి. వేరే నాణెపు బిళ్ళ మీద అచ్చు పడ్డది దొరికితే చేయించండి. అక్కడ ఆ ధ్రువీకరణ లేకుండా కొనేవారు తక్కువ.

చాలా మందికి మా సలహా ఒకటే: ఒక్కటే దొరికితే దాచుకోండి. అమ్మితే వచ్చే కొన్ని వందల కంటే, పక్కన అదే రకం పూర్తి నాణేన్ని పెట్టి చూపించుకుంటే దాని అందం ఎక్కువ. బిళ్ళ ఎలా నాణెం అవుతుందో చూడాలనుకుంటే హైదరాబాద్ సైఫాబాద్‌లోని పాత టంకశాలలో 2022లో మ్యూజియం తెరిచారు. 1903 నుంచి, 1997లో చర్లపల్లికి మారేదాకా నాణేలు ముద్రించిన చోటు అది.

చట్టం వైపు రెండు జాగ్రత్తలు. అచ్చు పడని బిళ్ళ డబ్బు కాదు, రూపాయి కింద ఎవరికీ ఇవ్వకండి. డబ్బుగా చలామణి చేసే ఉద్దేశంతో లోహపు బిళ్ళలు దగ్గర ఉంచుకోవడాన్ని నాణేల చట్టం 2011 నేరంగా చూస్తుంది. నాణేలను కరిగించడం, పాడుచేయడం కూడా అంతే. ఎవరైనా ‘మింట్ నుంచి తెచ్చాం’ అంటూ పదులకొద్దీ బిళ్ళలు అమ్మజూపితే కొనకండి. ఒకటి రెండు చిల్లరలో జారిపడతాయి, గుప్పెడు జారిపడవు. అవి దొంగసొత్తు కావచ్చు, లేదా దొంగ నాణేల కోసం చేసినవి కావచ్చు.

దాచే పద్ధతి

చింతపండు, విభూతి, పళ్ళపొడి ఏదీ వద్దు. ముఖం మీది సహజమైన మసక మెరుపు, బిళ్ళలు ఒకదానికొకటి తగిలి పడ్డ చిన్న సొట్టలు అది టంకశాల దారిలో నడిచిందనడానికి ఆనవాళ్ళు. తోమితే అవి పోయి, అరగదీసిన బిళ్ళలా కనిపిస్తుంది. మురికి ఉంటే సబ్బు నీళ్ళలో ముంచి, మంచినీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టండి. మెత్తగా సాగే పీవీసీ కవర్లలో పెట్టొద్దు. కొన్నాళ్ళకు జిగురు కారి, రాగి కలిసిన బిళ్ళల మీద పచ్చటి మరక దింపుతాయి. మైలార్ (పారదర్శకమైన ప్లాస్టిక్ పొర) కిటికీ ఉన్న అట్ట చట్రంలో పెట్టి, వానాకాలం తేమకు డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేయండి. అట్ట వెనక పెన్సిలుతో దొరికిన తేదీ, చోటు, మూడుసార్లు తూచిన బరువు, వ్యాసం, అయస్కాంతానికి అతుక్కుందా లేదా, ఏ రకం, ఏ నాణేనిది కావచ్చో రాయండి. జవాబు రెండైతే రెండూ రాయండి.